మామ్మకి చదివిన లాటిన్ పాఠం

నిన్న రంగూన్ చిమిండైంగ్ బజార్లో కొన్న శనగల పొట్లం విప్పి చూద్దును కదా, ఆ కాగితం మన లాటిన్ పుస్తకంలోది! మిషన్ బడి నేస్తాల్లారా, ఆ పసుపు కాగితం, ఆ ముక్కిన వాసన గుర్తున్నాయా? శనగలు జేబులో పోసుకుని, కాగితం మడిచి దాచుకున్నాను.

తామ్వే పేటలో మా ఇంట్లో సాయంత్రం దీపం పెట్టాక నేను లాటిన్ బట్టీ పట్టేవాణ్ణి. మా మామ్మ, అంటే నాయన తల్లి, సిక్కోలు పల్లెలో ఎద్దుల మధ్య పెరిగి ఓడెక్కి రంగూన్ వచ్చిన మనిషి. నా చదువు విని మంత్రాలనుకుంది. "కాళ్ళు కడుక్కుని సదవరా" అని, నెత్తిన కొంగేసుకుని, చేతులు జోడించి కూర్చునేది. నేను కాదని చెప్పలేదు. ఆ మర్యాద నాకు బాగుండేది, సిగ్గులేనివాణ్ణి.

నేను తొమ్మిదో క్లాసులో ఉండగా మామ్మ పోయింది. మంత్రాలు చదివే అయ్యవారు ఏటవతల ట్వంటే ఊరు వెళ్ళి, పడవ దొరక్క అక్కడే ఆగిపోయారు. చితి దగ్గర నాయన నా భుజమ్మీద చెయ్యేసి, "మీ మామ్మ ఇనే మంత్రాలు నువ్వే సదువు" అన్నాడు. ఆమె ముందు బట్టీ పట్టిన లాటిన్ పాఠమంతా అప్పజెప్పాను. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు.

తిరిగొచ్చే దారిలో ఏడుపు ఆగక నిజం చెప్పేశాను. "నాయనా, అవి మంత్రాలు కావు. ఒక రైతు ఎద్దులకి నీళ్ళు పెట్టి ఇంటికి తోలుకొచ్చే పాఠం."

నాయన మెల్లిగా అన్నాడు.

"మంత్రాలైతే మాయమ్మకి ఏటి తెలుస్తాదిరా? ఎద్దులంటే తెలుసు."