తమ్ముడి కోసం చేసిన షార్ట్

2024 చివరి నెలలు. సింగపూర్‌లోని పాయా లేబర్‌లో ఒక బ్రోకరేజ్ ఆఫీసు, అందులో మార్జిన్ డెస్క్ నాది. ఖాతాదారుడి నష్టం పెరిగితే ఫోన్ చేసి ఇంకా డబ్బు వెయ్యమంటాం, వెయ్యకపోతే మేమే లావాదేవీ మూసేస్తాం. దీన్నే మార్జిన్ కాల్ అంటారు. నా గొంతు వినగానే ఫోన్ పెట్టేసేవాళ్లు చాలామందే ఉన్నారు. తెలుగువాళ్లయితే ఆ ఫోన్ నాకే తగిలించేవారు.

శ్రీనివాస్ మాత్రం ఎప్పుడూ పెట్టెయ్యలేదు. కరీంనగర్ మనిషి, సెంబవాంగ్ షిప్‌యార్డులో సూపర్‌వైజర్. బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌ను షార్ట్ చేశాడు. అంటే బిట్‌కాయిన్ ధరతో పాటు నడిచే ఫండ్ యూనిట్లను మా ద్వారా అరువు తెచ్చుకుని అమ్మేశాడు. ధర పడితే చవగ్గా కొని తిరిగిచ్చి తేడా మిగుల్చుకోవచ్చు. పెరిగితే నష్టానికి హద్దుండదు. అది పెరుగుతూనే పోయింది. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ ఆయన మారు మాట్లాడకుండా డబ్బు వేసేవాడు. ఊళ్లో సగం కట్టిన ఇంటికి స్లాబు వెయ్యడానికి దాచిన డబ్బు అదని ఒకసారి మాటల్లో తెలిసింది. సలహా ఇద్దామంటే మాకు వీల్లేదు, ప్రతి మాటా రికార్డవుతుంది.

ఒకరోజు ఉండబట్టలేక, అసలెందుకు అమ్మారని అడిగాను. తమ్ముడు రెండేళ్ల కిందట బిట్‌కాయిన్ లాంటి కాయిన్లు కొని, ధర కూలిపోయి ఉన్నదంతా పోగొట్టుకున్నాడట. ఈయన నానా మాటలూ అన్నాడట. అప్పట్నుంచీ తమ్ముడు ఫోన్ ఎత్తడం లేదు.

"నాకు లాభం వద్దు మేడం. అది పడాలె. నేను కండ్లార సూడాలె."

"పడితే మీ తమ్ముడు ఫోన్ ఎత్తుతాడా?"

లైను రికార్డవుతోందని, హద్దు దాటానేమోనని అప్పుడు గుర్తొచ్చింది.

"క్లోజ్ చెయ్యుండ్రి," అన్నాడు.

యూనిట్లు కొని తిరిగిచ్చేసరికి స్లాబు డబ్బులో సగానికి పైగా పోయింది. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

కొన్ని వారాలకు ఆయనే ఫోన్ చేశాడు. మళ్లీ షార్ట్ అంటాడేమోనని భయపడ్డాను.

"నేను గూడ పోగొట్టుకున్న తమ్మీ అని మెసేజ్ పెట్టిన మేడం. ఎంటనే ఫోన్ చేసిండు. ఇద్దరం మస్తు ఏడ్సినం."

నాకూ కళ్లు చెమర్చాయి. నష్టం కన్నా సిగ్గే మనుషుల్ని ఎక్కువ దూరం చేస్తుందని ఆ ఫోన్‌తో తెలిసింది. ఇప్పుడు ఎవరైనా మారు మాట్లాడకుండా డబ్బు వేసేస్తుంటే నేను సంతోషించను. ఇంట్లో చెప్పారా అని అడుగుతాను.