ఓడిపోవాలనుకున్న పులి

కరోనా సద్దుమణిగిన ఏడాది నన్ను సహకార శాఖ సీనియర్ ఇన్‌స్పెక్టర్‌గా మేడ్చల్‌కు వేశారు. మచ్చ బొల్లారంలో ఇల్లు, బండి మీద పోయిరావడం. శామీర్‌పేట దగ్గరి ఒక పాల సంఘం నా కిందికి వచ్చేది. దాని అధ్యక్షుడు జంగారెడ్డి. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ ఆయన ఒక్కడే నామినేషన్ వేసేవాడు, మా శాఖవాళ్లు ఏకగ్రీవమని ప్రకటించి చాయ్ తాగి వచ్చేవాళ్లు.

అలాంటి మనిషి పదవీకాలం మధ్యలో రాజీనామా ఇచ్చాడు. పాలకవర్గం సమావేశమై ఆమోదించేదాకా అధ్యక్షుడు అధ్యక్షుడే. ఆలోపు నచ్చజెప్పి వెనక్కి తీయించమని మా అధికారి నన్ను పంపాడు. ఆయన దిగితే సంఘం రెండు ముక్కలవుతుందని భయం. నేను బి.ఏ.లో చరిత్ర చదివినవాణ్ని. రాజులు గద్దె దిగడానికి కారణాలు ముసలితనం, యుద్ధంలో ఓటమి, ఇంటి తగవులు అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఈయనది వాటిలో ఏదై ఉంటుందా అనుకుంటూ పోయాను.

జంగారెడ్డి పాలకేంద్రం అరుగు మీద పులి-మేక ఆడుతున్నాడు. సుద్దతో గీసిన పటం. ఈయనవి పులులు, చిన్ననాటి దోస్తు ఖాజామియావి మేకలు. పులులు దూకి మేకలను తింటాయి, మేకలు చుట్టుముట్టి పులులను కదలకుండా కట్టేయాలి. పాలు పోయడానికి వచ్చినవాళ్లు చుట్టూ నిలబడ్డారు. పులే గెలిచింది, అందరూ భలే అన్నారు.

ఖాజామియా చాయ్ చెప్పడానికి లేవగానే రాజీనామా ఎందుకని అడిగాను.

"సూసినవు గద సారూ. నా పులిని కావాలనే మూలకు వెట్టిన. ఒక్క మేకను జరిపితే కట్టువడుతది. జరపలే. పోరగాండ్లమున్నప్పుడు గీ ఖాజా నన్ను ఓడగొట్టి ఊరంత చాటింపేసెటోడు. నేను ప్రెసిడెంటయినకాంచి ఒక్కసారి గెలువలే. ఇగ ఆటేముంది?"

నాకు నవ్వొచ్చింది గానీ, ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. ఖాజామియాను పక్కకు పిలిచి అడిగాను.

"పదిమంది ముందట ప్రెసిడెంట్ సాబ్‌ను ఓడగొడితే ఆయనకు ఇజ్జత్ ఏముంటది సార్?" అన్నాడు.

ఇక నేను నచ్చజెప్పలేదు. పాలకవర్గం కూర్చుని రాజీనామా ఆమోదించింది, ఉపాధ్యక్షుడు బాధ్యతలు తీసుకున్నాడు. సంఘమేమీ ముక్కలు కాలేదు, పాలు ఎప్పటిలాగే వచ్చాయి. సంతకాలు కాగానే జంగారెడ్డి అరుగు మీద పటం ముందు కూర్చున్నాడు. ఖాజామియా మొదట జంకాడు. మెల్లగా ఒక్కో మేకనూ జరిపి పులులన్నింటినీ కట్టేశాడు.

"ఏంరా జంగిగా, పులివా పిల్లివా?" అని అరుగు అదిరేలా అరిచాడు.

"తొండి జేసినవ్! మళ్ల వెయ్!" అంటూ జంగారెడ్డి లేచాడు. పదవిలో ఉన్నన్నాళ్లూ ఆయన ముఖంలో అంత సంబరం నేను చూడలేదు.

ఆ తర్వాత నా చేతుల మీదుగా చాలా రాజీనామాలు పోయాయి. ఎందుకని అడగడం మానేశాను, దిగినవాళ్లు ఎవరి దగ్గరికి పోతున్నారో చూసేవాణ్ని. నాకు మార్కులు వేసిన చరిత్ర మాస్టారు కనబడితే ఆ జవాబులో ఒకటి వదిలేశానని చెప్పాలి. గెలిచి గెలిచి విసుగొచ్చి కూడా దిగుతారు.