స్విచ్ ఎవరి చేతిలో ఉంది

మా సారు పోయారు. బొంబాయిలో, వర్లీలోని ఇరుకుగదుల చాల్‌లో ఆయన పక్క గదిలో ఉండే ఆమె ఫోన్ చేసి, "మీ సారు పొద్దుగాల పోయిండ్రన్నా, జల్దీ రా, మోసేటోళ్లు గుడ లేరు" అంది. నేను వెళ్లేసరికి ఆయన కుడి చెయ్యి దుప్పటి బయట ఉంది. చూపుడువేలు, మధ్యవేలు లేని చెయ్యి. ఎవరో దాన్ని లోపలికి నెట్టి కప్పబోతే వద్దన్నాను.

ఆ చెయ్యి గురించే ఇది రాస్తున్నాను. ఎందుకంటే దాదర్‌లో జరిగిన సంతాపసభలో మా తెలుగువాళ్ల సంఘం అధ్యక్షుడు సారు ఫొటోకు దండ వేసి, ఆ చెయ్యి గురించి అబద్ధం చెప్పాడు. నేను లేచి మాట్లాడబోతే ఇద్దరు కుర్రవాళ్లు భుజాలు అదిమి కూర్చోబెట్టారు. రాసిన దాన్ని అలా కూర్చోబెట్టలేరు.

మిల్లులు సమ్మెతో మూతపడ్డ ఏళ్లవి. మేముండే కామాటిపుర గల్లీల్లో పొయ్యి వెలగని ఇంట్లో మగవాడు పెళ్లాన్ని కొట్టేవాడు, పెళ్లాం పిల్లల్ని కొట్టేది, పెద్దపిల్లలు పక్క గల్లీ వాళ్ల తలలు పగలగొట్టేవారు. మా రాత్రిబడిలో సైన్సు చెప్పే సారూ కొట్టేవారు. చెక్కస్కేలును అంచు మీద నిలబెట్టి కణుపుల మీద వేసేవారు. పొద్దంతా గోడలకు సిమెంటు పూసి పగిలిన చేతుల మీద ఆ దెబ్బ పడితే కళ్లలోంచి నీళ్లు కారేవి. ఆయన్ని దేవుణ్ణి చేసే పని దాదర్‌లో వాళ్లు చేశారు. నేను చెయ్యను.

రాత్రిబడులన్నిటికీ కలిపి ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, ఆదివారాలు మా చేత ఒక యంత్రమానవ్‌ను, అంటే రోబోను, చేయించాలని ఆయన పట్టుబట్టారు. మానవ్ మొత్తానికి సామాన్లు దొరక్క, చివరికి ఒక చెయ్యి దగ్గర ఆగింది. పాత మోటారు, సైకిల్ చైన్లు, రేకు వేళ్లు. బల్ల మీది ఇత్తడి చెంబు ఎత్తి ఎదుటి మనిషికి అందించాలి. మోటార్లు విప్పడం తెలిసిన నలుగురు టెక్నికల్, మిగిలిన మేం ముగ్గురం నాన్-టెక్నికల్. ఒకడు రంగులు వేయాలి, ఒకడు సామాన్లు తేవాలి, నేను మైకులో మాట్లాడాలి. టెక్నికల్ వాళ్లకు పెద్ద, బడి కమిటీ ప్రెసిడెంటు గారి కొడుకు.

"నేనేం మాట్లాడాలె సార్?" అని అడిగాను.

"మరాఠీ, హిందీ, తెలుగు మూడు వస్తయి గద నీకు. ఏం జరుగుతుందో వచ్చినోళ్లకు జెప్పు."

"మిషన్ మేం జేస్తం, వీడు డప్పు గొడ్తడు," అన్నాడు ప్రెసిడెంటు కొడుకు. అందరం నవ్వాం.

స్కేలు వాడి కణుపుల మీద పడింది. తర్వాత నా కణుపుల మీద.

"నాకెందుకు సార్?"

"నవ్వినవ్ గద నువ్వు గుడ."

అప్పుడే ఆయన పొడుగు వైరుకు వేలాడే బెడ్‌స్విచ్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. యంత్రాన్ని నడిపేదీ ఆపేదీ అదే. టెక్నికల్ వాళ్ల ముఖాలు మాడిపోయాయి. "మిషన్‌ను జూసేటోనికి మనిషి కనవడడు. వీడు మనిషిని జూస్కుంట మాట్లాడ్తడు. బంద్ జేసేది వీని చేతులనే ఉండాలె," అన్నారు. తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను, యంత్రాల గురించీ రాజ్యాల గురించీ. వాటిలో ఎక్కడా దీనికి మించిన మాట దొరకలేదు.

ప్రదర్శన రోజు పొద్దున సారు గేటు దగ్గర అతిథుల్ని పిలుచుకొస్తున్నారు. ప్రెసిడెంటు కొడుకు వచ్చి నా చేతిలో స్విచ్ లాక్కున్నాడు.

"స్విచ్ టెక్నికల్. నువ్వు నాన్-టెక్నికల్. మైకు పట్టుకో, చల్."

"సారు నాకిచ్చిండు రా."

వాడు పిడికిలితో నోటి మీద గుద్దాడు. చిట్లిన పెదవితోనే నేను మైకు ముందు నిలబడ్డాను. ముందు వరసలో కూర్చున్న ప్రెసిడెంటు గారి భార్య, అంటే వాడి తల్లి, కొడుకు చేసిన యంత్రం నుంచి చెంబు అందుకోవడానికి మురిసిపోతూ లేచింది. చెంబు లేచింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె వంగింది. మెడ చుట్టూ తిప్పి కప్పుకున్న కొంగు చివర చైన్‌లో పడి మెడకు బిగుసుకుంది.

"బంద్ చెయ్! బంద్ కర్!" అని మైకులో అరిచాను. వాడు తల్లిని చూడడం లేదు. గేర్ల మీదికి వంగి, తను బిగించిన పళ్లు సరిగా తిరుగుతున్నాయో లేదో చూసుకుంటున్నాడు. తలెత్తేసరికి ఆమె నాలుక బయటికి వచ్చింది. వాడు బెదిరిపోయి స్విచ్ వదిలేశాడు. అది బల్ల కిందికి జారిపోయింది. అప్పటికే గేటు నుంచి పరుగెత్తుకొచ్చిన సారు కొంగుకూ చైన్‌కూ మధ్య తన చెయ్యి పెట్టారు. ఎముక విరిగిన చప్పుడు మైకులో వినిపించింది. నేను దూకి గోడలోంచి వైరు పెరికాను.

స్విచ్ మాట్లాడేవాడిదని బడి అంతటికీ తెలుసు. వైరు నా చేతిలో కనబడింది. ప్రెసిడెంటు కొడుకు "వీనిదే స్విచ్" అని వేలు చూపించాడు. అంతే. జనం నన్ను కుర్చీ కోళ్లతో కొట్టారు, పొట్టలో తన్నారు, నా రెండు పళ్లు రాలాయి. సారు నెత్తురు కారుతున్న చేత్తోనే నా మీద పడ్డవాణ్ణి జుట్టు పట్టి ఈడ్చారు. "వాడు గాదు రా. ఎవని చేతుల ఉండెనో నేను జూసిన," అన్నారు.

సారు కట్టు కట్టించుకుని వచ్చాక కమిటీ కూర్చుంది. నన్నూ పిలిచారు.

"పోరడు మాటలల్ల వడి మర్చిపోయిండని చెప్పుండ్రి సార్. ఎవ్వరికీ తక్లీఫ్ ఉండదు," అన్నారు ప్రెసిడెంటు గారు.

"నా వేళ్లు వోయినయి. కండ్లు వోలే," అన్నారు సారు.

తన భార్య ప్రాణం కాపాడిన మనిషిని ఆ ప్రెసిడెంటు బడిలోంచి తీసేశాడు. సారు వర్లీకి మారి, ట్యూషన్లు చెప్పుకుని బతికారు. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారు. ఎడమచేత్తో కొట్టడం మాత్రం నేర్చుకోకుండానే వచ్చింది. ప్రెసిడెంటు భార్య బతికినన్నాళ్లూ, దారిలో సారు ఎదురైతే మెడచుట్టూ ఉన్న కొంగు విప్పి పిడికిట్లో పట్టుకుని నిలబడేది. ఆ ఇంట్లో ఆయనకు పడ్డ బాకీ తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ కొడుకే ఈనాటి మా సంఘం అధ్యక్షుడు. దాదర్‌లో వాడు చెప్పింది ఇది: "స్విచ్ పట్టుకున్న పిల్లవాడి పరధ్యానానికి మన సారు రెండు వేళ్లు బలియిచ్చారు. అయినా క్షమించిన మహానుభావుడు." సారు ఎవర్నీ క్షమించలేదు. "వానికి తల్లి కనవడలే రా, ఇగ సంఘం ఏం కనవడ్తది?" అని, వాడు అధ్యక్షుడైన రోజున నాతో అన్నారు. నేనూ క్షమించలేదు. ఆ రోజు స్విచ్ వాడి చేతిలో ఉంది. ఇది చదివేవాళ్లు తమ పిల్లలకు అలాగే చెప్పాలి.

చివరి నెలల్లో లేవలేని సారు కోసం పక్క గది ఆమె తన గదిలో గంట పెట్టించి, దాని బెడ్‌స్విచ్‌ను ఆయన మంచానికి కట్టింది. నేను వెళ్లినప్పుడల్లా ఆయన మూడు వేళ్లతో దాన్ని తీసి నా అరచేతిలో పెట్టేవారు. "నువ్వే పట్టుకో. నువ్వు మనిషిని జూస్తవు," అనేవారు. నేను పట్టుకుంటే కళ్లు మూసుకుని నిద్రపోయేవారు.

ఆయన పోయిన ఆ పొద్దున శరీరాన్ని లేపబోతుంటే, కాళ్ల కింద పడుతుందని ఆ స్విచ్‌ను చేతిలోకి తీసుకున్నాను. ఆయన్ని ఎత్తారు. ఆ చెయ్యి పక్కకు వేలాడింది. నా పిడికిలి బిగుసుకుంది.

గోడ అవతల గంట మోగింది. ఆయన చివరి స్నానానికి నీళ్లు కాస్తున్న ఆమె గొంతు, అలవాటు కొద్దీ, వెంటనే పలికింది.

"ఆఁ, వస్తున్న సారూ."