అత్తమ్మ నన్ను దగ్గరికి తీసిన రోజు

నా చిన్నప్పుడు మా అత్తమ్మకు నేనంటే అస్సలు ఇష్టం లేదనుకునేదాన్ని. అత్తమ్మ అంటే మా నాన్నకు అక్క. పెళ్లయిన కొత్తలోనే భర్త పోతే హఫీజ్‌పేటలో మా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే సద్ది కట్టుకుని గచ్చిబౌలి వైపు ద్రాక్షతోటల్లో పనికి పోయేది.

సాయంత్రం నాకోసం కొంగులో ద్రాక్షపళ్లు తెచ్చేది. కానీ చేతికిచ్చేది కాదు. గడప మీద పెట్టి, "కడుక్కొని తిను బిడ్డా" అని పక్కకు జరిగేది. ఆమె కంచం వేరు, చెంబు వేరు, చాప వేరు. నేను ఉరికెళ్లి మీద పడబోతే "దూరముండు!" అని కసిరేది. పక్కింటి పిల్లల్ని వాళ్ల మేనత్తలు చంకనేసుకుని తిరుగుతుంటే నాకు ఏడుపొచ్చేది. "మొగడు పోయినకాన్నుంచి ఆమె గిట్లనే. నువ్వు పరేషాన్ గాకు" అనేది అమ్మ.

ఒకరోజు బడి నుంచి మధ్యాహ్నమే వచ్చేశాను. పెరట్లో తడక చాటున అత్తమ్మ అటు తిరిగి కూర్చుని ఉంది. పుల్లకు గుడ్డపీలిక చుట్టి, నూనెలో ముంచి, భుజం మీదుగా వెనక్కి పెట్టి తనే వీపుకు రాసుకుంటోంది. వీపంతా ఎర్రటి మచ్చలు, పొట్టు రేగి ఉన్నాయి. ఒకటి గడ్డలా లేచి ఉంది.

"అత్తమ్మా, నేను రాస్తా" అన్నాను.

ఉలిక్కిపడి పైట కప్పుకుంది. "ముట్టకు బిడ్డా, నీకు దండం పెడ్త. ఎవ్వరికి చెప్పకు" అంది.

అంత పెద్దమనిషి నాకు చేతులు జోడించేసరికి భయమేసింది. నాన్న ఇంటికి రాగానే చెప్పేశాను.

నాన్న ఎంతో బతిమాలితే గానీ ఆమె నోరు విప్పలేదు. ఆ మచ్చలు నేను పుట్టకముందు నుంచే ఉన్నాయట. తామర అనుకుని ఎవరేది చెబితే ఆ పసరు, ఆ మలాం రాసింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేవి. చివరికి అది కుష్టేనని తనకు తానే అనుకుంది. "నలుగురికి తెలిస్తే నీ బిడ్డను ఎవరు జేసుకుంటరు తమ్మీ? అందుకే చెప్పలే" అంది. 

మర్నాడే నాన్న ఆమెను రైలెక్కించి పట్నంలోని పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. చర్మం ముక్క తీసి పరీక్షకు పంపారు. చాలాసార్లు తిరిగాక డాక్టరు అసలు సంగతి చెప్పాడు. అది కుష్టు కాదు, ఎవరికీ అంటుకోదు. చర్మంలో పుట్టే ఒక రకం క్యాన్సరు. ఏళ్ల తరబడి మామూలు మచ్చల్లాగే కనిపిస్తుంది కాబట్టి పోల్చుకోవడం కష్టం. ఇప్పుడు గడ్డలు కడుతోంది. కరెంటు, అదే రేడియేషన్, పెట్టి చూస్తాం గానీ పూర్తిగా నయమవుతుందని మాట ఇవ్వలేం అన్నాడు.

ఆ రోజు నాన్న తల వంచుకుని ఇంటికి వచ్చాడు. అత్తమ్మ మాత్రం ఆయన్ని దాటుకుని గబగబా వచ్చింది. "అంటదంట బిడ్డా! డాక్టరే చెప్పిండు, ఎవ్వరికి అంటదంట!" అంటూ వాకిట్లోనే కూలబడి నన్ను ఒళ్లోకి లాక్కుంది. నా తల, చెంపలు, చేతులు తడిమి తడిమి చూసుకుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. నాకైతే పండగలా ఉంది.

ఆ తర్వాత ఆమె ఏడాదిన్నర బతికింది. కొన్ని గడ్డలు కరిగాయి, కొత్తవి లేచాయి, పుండ్లు పడ్డాయి. ఆ రోజుల్లో నాకు అన్నం ఆమె చేత్తోనే, నిద్ర ఆమె పక్కనే. ఆమె వీపుకు నూనె నేనే రాసేదాన్ని. "ఇన్నేండ్లు ఊకెనే దూరం బెట్టిన గదనే నిన్ను" అంది ఒకసారి, నా జడ నిమురుతూ. చలికాలం పోతుండగా ఆమె కూడా పోయింది.

నాకిప్పుడు అరవై దాటాయి. మానని మచ్చను ఎవరైనా దాచుకుంటున్నారంటే ఊరుకోలేను, వెంటబెట్టుకెళ్లి డాక్టరుకు చూపిస్తాను. ఎవరైనా నన్ను దూరం పెట్టినట్టు అనిపిస్తే కోపం రాదు. పక్కన కూర్చుని, నీకేం భయమని అడుగుతాను. ఒకే కప్పు కింద అన్నేళ్లున్నాం, మా ఇంట్లో ఒక్కరం కూడా అత్తమ్మను ఆ మాట అడగలేదు.