డింగ్నా భుజం మీది చెయ్యి

ఆంట్వెర్ప్ సంతలో డింగ్నా పక్కనే ఇరవై ఏళ్లు వెన్న అమ్మినదాన్ని. ఆమె నోటికి నేనూ జడిసేదాన్ని, దాచుకోవడమెందుకు? మొగుడు పడవతోపాటే మునిగిపోతే, వాళ్లమ్మ కూర్చున్న చోటే కూర్చుని కూరలూ పళ్లూ అమ్మి బతుకు ఈడ్చుకొచ్చింది. ముందువరసలో, బావి పక్కన చోటు. దానిమీద ఎందరి కళ్లో.

ఓ వేసవిలో హుబ్రెక్ట్ అనే చిత్రకారుడొచ్చి, పూటంతా ఆమెని నిలబెట్టి గీసుకుపోయాడు. మిగతాది ఇంట్లో కూర్చుని పూర్తిచేశాడట. ఆ బొమ్మ ఓ లవంగాల వ్యాపారి ముందుగదిలోకెక్కింది. చూసొచ్చినవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. అందులో డింగ్నా భుజం మీద ఎవడో మగాడు చెయ్యేశాడు, ఆమె నవ్వుతోంది.

ఇంకేముంది, మూడోనాడు సంతపెద్ద యోస్ ఊడిపడ్డాడు.

“పేరు చెడ్డ ఆడదానికి ఇక్కడ చోటు లేదు. రేపటికల్లా ఖాళీ చెయ్యి.”

“ఎవడి చెయ్యి అయ్యా అది? నాకే తెలీదు,” అంది డింగ్నా.

“బొమ్మలో అంత స్పష్టంగా ఉంటేనూ?”

“అయితే పదండి, చూద్దాం.”

నాకు ఒళ్లు మండిపోయింది. వెన్నకుండకి మూతేసి నేనూ వాళ్ల వెంట ఆ లవంగాల వ్యాపారి ఇంటికి నడిచాను. ఆ హుబ్రెక్ట్, దొంగసచ్చినోడు, బాగా గీశాడు, ఒప్పుకోవాలి. క్యాబేజీ ఆకు మీది నీటిచుక్కని తుడవబోయాను కూడా.

డింగ్నా మాత్రం బొమ్మలోని బల్ల మీద వేలు పెట్టింది.

“ఈ చెర్రీలు ఎప్పటివి?”

“జూన్‌వి,” అన్నాడు యోస్.

“ఈ ద్రాక్ష?”

“సెప్టెంబరుది.”

“ఈ రెండూ పక్కపక్కనే పెట్టి నేను అమ్మిందెప్పుడో, ఆ రోజు చెప్పండి. ఆ రోజే వీడు నా మీద చెయ్యేశాడని ఒప్పుకుని, చోటు వదిలేసి పోతా.”

యోస్ గడ్డం గోక్కున్నాడు. అతని సంగతెందుకు, పొద్దస్తమానం పళ్ల మధ్య బతికేవాళ్లం, మేమందరం ఆ చెయ్యినే చూశాంగానీ బల్లకేసి చూడలేదు. సిగ్గేసింది నాకు.

“సరేలే, చోటు ఉంచుకో,” అన్నాడు చివరికి. “ఈ గోల సద్దుమణిగేదాకా వెనక వరసలో కూర్చో.”

“నేనెందుకు పోవాలి వెనక్కి? ఆ చెయ్యి ఎవడిదని ఒక్కరైనా అడిగారా? వాణ్ణి వెతికి కూర్చోబెట్టండి వెనక.”

మర్నాడు అందరికంటే ముందొచ్చి బావి పక్కనే బుట్టలు దించింది. ప్రాణం పోయేదాకా అక్కణ్ణించి జరగలేదు.