వదిన పంపిన హెచ్చరిక

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ అంటారు. మా వదిన అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆవిడ ప్రభుత్వంలో జాతీయ భద్రతా, సమాచార సలహాదారు. అదేం ఉద్యోగమని అడిగితే, ప్రమాదం వచ్చినప్పుడు జనానికి ఏం చెప్పాలో పెద్దవాళ్ళకి చెప్పడం అనేది. అంతకు మించి ఒక్క ముక్క రాలేది కాదు. ఆదివారం ఇంట్లో ఉంటారా అని అడిగినా ఆలోచించి జవాబిచ్చేది.

పందొమ్మిదేళ్ళకి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేరింది. ఒకరోజు ఒకాయన ఫోన్ చేసి, తన పేరూ, ఊరూ, కంపెనీలో తన హోదా అన్నీ విప్పి చెప్పాక, గోడౌను తగలబడుతోందన్నాడట. అప్పట్నించీ ఆవిడకి ఒకటే మంత్రం, అసలు సంగతి ముందు చెప్పాలి. పని చేస్తూనే డిగ్రీ కట్టింది, పోలీసు కంట్రోల్ రూముకి వెళ్ళింది, తర్వాత ప్రకటనలు రాసే విభాగానికి. ఏ కాగితమొచ్చినా మొదటి పేరా ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసేది. నా శుభలేఖలో మా తాతగారి బిరుదులన్నీ అలాగే ఎగిరిపోయాయి. నలభై ఎనిమిదో ఏట సలహాదారు కుర్చీ ఎక్కింది. ఆ రోజు మా అన్నయ్య నడకే మారిపోయింది, కుర్చీ తనకే వచ్చినట్టు.

అలాంటి మనిషి తప్పు చేసింది. వరద హెచ్చరికలకి రిహార్సల్‌గా, ఒకరోజు ఉదయం పదింటికి నగరంలో అందరి ఫోన్లకీ సందేశం పంపారు. శాఖ పేరు మొదట ఉండాలని పై అధికారి పట్టుబట్టాడు. దాంతో ‘ఇది రిహార్సల్ మాత్రమే’ అన్న మాట అట్టడుక్కి జారిపోయింది. ఫోన్లో అది కనపడాలంటే వేలితో పైకి తోయాలి. వదిన చూసుకోకుండా సంతకం పెట్టేసింది.

నా టైలరింగ్ షాపు ఏటి ఒడ్డునే. వరదొస్తోంది, మెరక మీదికి వెళ్ళండి అని చదవగానే కాళ్ళకి బుద్ధి చెప్పాను. మెడలో టేపు, చంకలో ఎవరిదో ప్యాంటు. కొలతలకి వచ్చిన ఆ ప్యాంటాయన లుంగీ మీద నా వెనకే. ఆయన పరిగెత్తింది వరదకో ప్యాంటుకో నేను ఇప్పటికీ చెప్పలేను. మెరక మీద స్కూలు మైదానంలో వందలమంది రొప్పుతూ నిలబడ్డాం. ఎండ కాస్తోంది. ఎవరో సందేశం చివరిదాకా చదివారు. ముందు నవ్వులు, తర్వాత తిట్లు. మా షాపు ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయనైతే, మోకాళ్ళు అరిగిన తల్లిని మోసుకొచ్చాడేమో, ఆ సలహాదారు ఎవరో గానీ అంటూ మొదలుపెట్టి ఏడు తరాలు తిట్టాడు. అన్నీ మా వంశానికే తగిలాయి.

అక్కడ ఆఫీసులో కార్యదర్శి, నెట్‌వర్క్ లోపమని ప్రకటన సిద్ధం చేశాడట. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికోసమన్న రకం. వదిన ఒప్పుకోలేదు.

"ఇవాళ అబద్ధం చెప్తే, నిజంగా నీళ్ళొచ్చిన రోజు ఎవరూ ఇల్లు కదలరు సార్," అంది.

ఉద్యోగం పోతుందని ఆయన హెచ్చరించాడు. ఇరవై నిమిషాల్లో వదిన రేడియోలో ఉంది.

"పైనుండాల్సిన మాట కిందుంది. సంతకం నాది, తప్పు నాది. మీరు పరిగెత్తి మంచిపని చేశారు."

విచారణ వేశారు. రెండు నెలలు ఫైళ్ళు లేని గదిలో కూర్చోబెట్టారు. అన్నయ్య దిగులుపడ్డాడు, నేను శాఖ పేరు కోసం పట్టుబట్టిన ఆ అధికారిని దొరికినవాడి దగ్గరల్లా కడిగేశాను. వదినకి కుర్చీ బెంగ లేదు. మీ వీధివాళ్ళు ఈసారి లేస్తారా అని కనపడినప్పుడల్లా నన్ను అడిగేది. లేస్తారని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

చివరికి మందలించి పనిలోకి తీసుకున్నారు. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ‘వరద వస్తోంది. ఇది నిజం. ఇప్పుడే మెరక మీదికి వెళ్ళండి.’ మా వీధి కదులుతుందా అన్నదే నాకు వరదకంటే పెద్ద భయమైంది. బయటికి తొంగిచూస్తే వీధి వీధంతా కదులుతోంది. తాళాలాయన తల్లిని వీపున ఎక్కించుకుని అప్పుడే మలుపు తిరుగుతున్నాడు. పరిగెత్తి అందుకుని, పోయినసారి అంత తిట్టావు, ఇప్పుడెలా నమ్మావని అడిగాను.

"తప్పయినప్పుడు తప్పని ఆవిడే చెప్పింది కదయ్యా. ఇప్పుడు నిజమంటోంది. నడు," అన్నాడు.

సాయంత్రానికి నా కుట్టుమిషను నీళ్ళలో మునిగింది. మనిషి ఒక్కడూ మునగలేదు. స్కూలు వరండాలోంచి వదినకి ఫోన్ చేసి, అందరం వచ్చేశామని చెప్పి, తాళాలాయన మాట కూడా చెప్పాను.

"ఏమన్నాడో మళ్ళీ చెప్పు," అంది.

చెప్పాను. మూడుసార్లు చెప్పించుకుంది.