గోవర్ధనరావు గారి ముత్తాత

ఎవరు కనబడినా రెండో మాటలో తన ముత్తాతను ఓడెక్కించడం గోవర్ధనరావు గారి అలవాటు. "దొంగ సంతకం కేసండీ. ద్వీపాంతరం పంపారు, అండమానుకి" అనేవారు, ముత్తాత దివాను చేశాడన్నంత దర్జాగా. బందరులో ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఊళ్లు పట్టుకు తిరిగే నాకు ఈ అలవాటు ఎప్పుడు మొదలైందో తెలియదు.

గుడివాడలో డాక్టరమ్మ నవ్యశ్రీ ఆయన్ని "మీ వంశంలో షుగరు, బీపీ లాంటివి ఏమైనా ఉన్నాయాండీ?" అని అడిగింది.

"ఫోర్జరీ ఉందమ్మా."

ఆవిడ సగం రాసి కొట్టేసింది.

"కలెక్టరు దొర సంతకం పెట్టాడండీ మావాడు. కోర్టులో రెండూ చూపిస్తే, మావాడు పెట్టిందే నాది అన్నాడు దొర. ఆ ఉక్రోషంతో వేశారు శిక్ష." నాకు మొదట చెప్పినప్పుడు ఏడేళ్లే. నేను కాశీ వెళ్లొచ్చేసరికి పద్నాలుగయ్యాయి.

ఆయన ఎదురింటి చంద్రశేఖర్, అన్నగారి సంతకం తానే పెట్టి పొలం అమ్మినందుకు రెండేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక గుమ్మం దాటలేదు. మాస్టారు అతన్ని పామర్రులో ఒక పెళ్లికి లాక్కొచ్చారు. నేనూ వెళ్లాను. చంద్రశేఖర్ భోజనానికి కూర్చోగానే అటూ ఇటూ కుర్చీలు ఖాళీ అయ్యాయి.

"లేచి వెళ్లిపోతాను మావయ్యా."

"కూర్చోరా" అని పక్కన చతికిలబడి, బూరెలు వడ్డించేవాడితో పంక్తంతా వినేలా చెప్పారు మాస్టారు. "మా ముత్తాతకీ బూరెలంటే ప్రాణం బాబూ. పద్నాలుగేళ్లు ద్వీపాంతరం. వీడిది రెండేళ్లేగా, మావాడి ముందు ఒకటో క్లాసు."

పంక్తి గొల్లుమంది. "ఓడలోకి బూరెలు కట్టించుకున్నాడా మాస్టారూ?" అంటూ ఒకాయన పక్క కుర్చీలోకి జరిగాడు. చంద్రశేఖర్ రెండో బూరె వేయించుకున్నాడు.

నిరుడు నేను పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి, దొరికిన పాత ఖైదీల జాబితాలన్నీ తిరగేశాను. ముత్తాత లేడు. తిరిగొచ్చి మాస్టారి భార్య భ్రమరాంబ గారిని అడిగాను.

"ఆ ముత్తాతగారు వీధిబడి పంతులు అన్నయ్యగారూ. పిల్లలు అబద్ధమాడితే వీపు చిట్లగొట్టేవారట. పడవెక్కితే వాంతులు. పామర్రు కూడా దాటలేదు."

"మరి ఈ కేసు?"

"చంద్రశేఖర్ విడుదలైన వారంలో ఈయనే పెట్టారు."

మొన్న మోపిదేవిలో ఒక అన్నప్రాశన భోజనాల దగ్గర పక్కాయన నా చెవిలో, "ఆ చివర కూర్చున్నతను జైలుకెళ్లొచ్చాడటగా?" అన్నాడు.

నేను ఛాతీ విరుచుకున్నాను. "మా ముత్తాత కూడా వెళ్లాడండీ. గోవర్ధనరావు గారి ముత్తాతతో, ఒకే ఓడలో."

ఎదుటి వరసలో మాస్టారు విస్తట్లోంచి తలెత్తలేదు.

"అవునండీ" అన్నారు. "సంతకం మావాడిది, ముద్ర వీళ్లవాడిది."